ఎడమ సీటు కొలత

"కమాన్ కట్ట విరగలేదు సార్. మీరే తేలికగున్నరు."

నాచారం ఫ్యాక్టరీల వెనక సందులో, రేకుల షెడ్డులో ఆగిన పాత జీపు కింది నుంచి వచ్చిందా మాట. ముందు మాట, వెనకాలే టార్చి, ఆ తర్వాత మనిషి. నుదుటి మీద గ్రీజు మరక, జడముడిలో దోపిన పెన్సిలు. హృషికేశ్ తనెందుకొచ్చాడో ఒక్క క్షణం మర్చిపోయాడు. గుర్తు రాగానే కోపం కూడా గుర్తొచ్చింది.

"నేను తేలికేంటండీ? బండి ఎడమ పక్కకి ఒరిగిపోతోంది. ఎడమ స్ప్రింగ్ పోయిందని గుడ్డివాడైనా చెబుతాడు. ఆన్‌లైన్‌లో మంచి మెత్తటి సెట్ ఒకటి చూసి పెట్టాను. మీరు బిగిస్తే చాలు."

"గుడ్డివాడు చెప్తడేమో. నాకు కండ్లున్నయి." ఆ అమ్మాయి, నీరజ, చక్రం వెనక ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల మీద టార్చి వేసింది. "ఎడమ దిక్కు కట్టల ఏడు పట్టీలు. కుడి దిక్కు ఎనిమిది. ఎవరో బరువు మనిషి నడిపిన బండి ఇది. ఆయన కోసం ఒక పట్టీ ఎక్కువేసిన్రు. ఇప్పుడాయన ఎక్కుతలేడు, గంతే."

హృషికేశ్ చూపు డ్రైవరు సీటు మీదికి వెళ్ళింది.

నాన్న రామచంద్రరావు నూట పది కిలోల మనిషి. బోర్లకి నీళ్ళు చూసే పని మీద ఈ జీపులో తిరగని మండలం లేదు. ఆయన కాలు మోపగానే బండి కుయ్యిమని మూలిగేది. "చూశావా, నేనొచ్చానని దీనికి తెలుసు," అని మురిసిపోయేవారు. వానొస్తే అద్దం తుడిచే పుల్లల్లో ఆయన వైపుది ఒక్కటే పనిచేసేది. రెండోవైపు పన్నెండేళ్ళ హృషి చెయ్యి బయటికి పెట్టి గుడ్డతో తుడిచేవాడు. ఆయన పోయి రెండేళ్ళయింది. జీపు మూలగడం మానేసింది.

లోపలి నుంచి నీరజ తండ్రి చంద్రయ్య వచ్చి బండి చుట్టూ ఓసారి తిరిగాడు.

"అరే, రామచంద్రరావు సారు బండి గదా! ఆ ఎనిమిదో పట్టీ నేనే ఏసిన. మా దగ్గర ఖాళీ బండిని కొలవం బాబూ. రోజూ ఎవరెవరు కూసుంటరో ఆళ్ళను కూసోబెట్టి, గీత గీసి, అప్పుడు కొలుస్తం. ఆ దినం ఎడమ సీట్ల సారు ఇంటామె కూసున్నది. ఎనక ఓ పోరడు కూసొని ఒకటే ఏడుపు."

నీరజ కళ్ళు పెద్దవయ్యాయి. "ఆ ఏడుపుగొట్టు మీరేనా? నా చాక్‌పీసు ఇస్తే గానీ ఊకోలే! ఇంత దాంక వాపస్ ఇయ్యలే!"

"అప్పుడు నాకు దోమలు కుట్టాయండీ," అన్నాడు హృషికేశ్, చెవులు ఎర్రబడుతుంటే.

"ఆ, దోమలే," అంది నీరజ. "ఇప్పుడు ఎనిమిదో పట్టీ తీసేస్తం. మిగిలిన వాటికి వంపు ఎక్కిస్తం. గా మెత్తటివి మీకొద్దు. ఇది బండి, పరుపు కాదు."

"తియ్యద్దు."

మాట గట్టిగా వచ్చింది. నీరజ చేతిలో పానా ఆగింది.

"కొత్త స్ప్రింగులూ వద్దు. ఎనిమిదీ అలాగే ఉండనివ్వండి," అని జీపెక్కి వెళ్ళిపోయాడు.

వెళ్ళిపోయినవాడు ఊరుకున్నాడా? మరుసటి ఆదివారం హారన్ మోగడం లేదని వచ్చాడు. షెడ్డులోకి రాగానే చెయ్యి తగిలి అది చక్కగా మోగింది. ఆ పై ఆదివారం ఒక రంగుల చాక్‌పీసుల డబ్బా తెచ్చి, "వడ్డీతో సహా," అని టూల్ బాక్స్ మీద పెట్టాడు.

"గులాబీ రంగుతోని కమాన్ మీద గీస్తే మా నాయిన నవ్వుతడు," అంది నీరజ. అని, డబ్బా లోపలికి తీసుకెళ్ళి భద్రంగా దాచుకుంది. హృషికేశ్ అది చూశాడు. ఆ వారమంతా ఆఫీసులో ఎవరేం చెప్పినా తలూపాడు.

ఆ తర్వాతి ఆదివారం వాన. ఉప్పల్ దాటాక ఫ్లైఓవర్ పిల్లర్ల కింద రోడ్డేదో గుంతేదో తెలియడం లేదు. ఎడమ చక్రం ఒక గుంతలో దిగింది. అసలే ఒరిగివున్న బండి ఇంకాస్త ఒరిగి, పక్కన పోతున్న స్కూటీని రాసుకుంటూ ఆగింది. స్కూటీ మీదామె తిట్టిన తిట్లు అతనికి వినపడలేదు. అలాగే నాచారం వచ్చి షెడ్డులో ఆగి, సంగతి చెప్పాడు.

నీరజ టీ గ్లాసు చేతికిచ్చింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

"ఎందుకు తియ్యద్దన్నరు?"

"అది తీస్తే నాన్న బండి దిగిపోయినట్టే కదండీ. ఆయన సీటు ఇంకా ఆయన బరువు కోసమే ఎత్తుగా నిలబడి ఉంది. నేనెక్కితే కిందికి రాదు. రోజూ ఆ ఎత్తు మీద కూర్చుంటున్నాను."

రేకుల మీద వాన దంచుతోంది. నీరజ వెళ్ళి కుడి చక్రం వెనక ఎనిమిదో పట్టీ మీద చెయ్యి వేసింది.

"కమాన్ ఉక్కు ఎన్నటికీ ఖరాబు కాదు," అంది. "మా నాయిన దాన్ని పారేసే మనిషి కాదు. కొలిమిల పెట్టి కత్తిపీట కొట్టిస్త. మీ అమ్మకియ్యండి. సారు మీ ఇంట్లనే ఉంటడు. రోడ్డు మీద మాత్రం మీరు జర మంచిగుండాలె."

ఆ చివరి మాట అంటూ ఆమె చూపు తిప్పేసుకుంది. ఆ క్షణంలో హృషికేశ్‌కి రెండు సంగతులు ఒకేసారి తేలిపోయాయి. పట్టీ తీయించాలి. ఈ అమ్మాయి లేకుండా ఇక ఆదివారం గడవదు.

"సరే, తీసెయ్యండి," అన్నాడు.

చంద్రయ్య లోపలి నుంచే కేకేశాడు. "వచ్చే ఆదివారం కొలత! ఎడమ సీట్ల ఎవరు కూసుంటరో తోలుకొని రా బాబూ. ఖాళీ సీటు కొలత నేను తియ్య!"

"ఎవరో ఉండే ఉంటరు," అంది నీరజ, అక్కర్లేని బోల్టొకటి తుడుస్తూ. హృషికేశ్ సిగ్గుగా నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు ఆమెను వారమంతా వేధించింది.

ఆదివారం జీపు వచ్చింది. ఎడమ సీటులో ఉన్నది కనకమహాలక్ష్మి, అతని తల్లి. నీరజకి ఊపిరి తిరిగొచ్చింది. చంద్రయ్య ఎనిమిదో పట్టీతో చేయించిన కత్తిపీట తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు. ఆవిడ దాని వెన్ను మీద వేళ్ళతో మెల్లగా నిమిరింది.

"మా ఆయనకి వంకాయ కూరంటే ప్రాణమండీ. రేపు పొద్దున్నే అదే తరుగుతాను దీంతో," అని కళ్ళొత్తుకుంది.

"ఎక్కమ్మా, కొలుస్త," అన్నాడు చంద్రయ్య.

ఆవిడ కత్తిపీట ఒళ్ళో పెట్టుకుని వెళ్ళి వెనక బల్ల మీద కూర్చుంది.

"గక్కడ కాదమ్మా, ముందల!"

"ఆ సీట్లో ఇరవై ఆరేళ్ళు కూర్చున్నానండీ. నా ముచ్చట తీరింది. ఇప్పుడక్కడ ఎవరు కూర్చోవాలో మావాడు నాతో చెప్పాడు. ఆ అమ్మాయితో చెప్పడానికే నోరు రావట్లేదు. మీకు అభ్యంతరం లేకపోతే, మీ అమ్మాయిని ఎక్కమనండి."

చంద్రయ్య కూతురి వైపు చూశాడు. నీరజ నేల వైపు చూసింది. హృషికేశ్ స్టీరింగ్ పట్టుకుని, "నీరజా, మీ బరువుకే కొలిపించాలని... అంటే, ఎప్పటికీ..." అని అక్కడే ఇరుక్కుపోయాడు.

"ఆడపిల్ల బరువు అడుగుడు తప్పు సార్," అంది నీరజ. చేతులు గుడ్డతో తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. ఎక్కి కూర్చుంది.

చంద్రయ్య జేబులో వెతుక్కున్నాడు. చాక్‌పీసు లేదు. నీరజ జడముడిలోంచి గులాబీ రంగుది తీసి తండ్రికందించింది. ఆయన నిజంగానే నవ్వాడు. రెండు పక్కలా గీతలు గీసి, టేపు పెట్టి కొలిచాడు.

"అయిపోయింది. ఇగ దిగు బిడ్డా."

వాన సన్నగా మొదలైంది. నీరజ దిగలేదు. సీటు కింద ఉన్న పాత గుడ్డ తీసి, చెయ్యి బయటికి పెట్టి, తన వైపు అద్దం తుడవడం మొదలుపెట్టింది.