దూరం తగ్గుతున్న కేక

పాముచెవులాయన చెవుల గురించి ఏం చెప్పమంటారు? చంద్రుడి మీద చీమ తుమ్మితే, ఇక్కడ కూర్చుని దాని జలుబు ఎన్నాళ్లదో చెప్పగలడు. అలాంటివాడికి రేడియో టెలిస్కోపు దగ్గర ఉద్యోగం రాక ఇంకెవరికొస్తుంది? పని ఒకటే. లోకం పుట్టినప్పుడే పుట్టిన బుల్లి కృష్ణబిలాలు చచ్చేటప్పుడు పేలి, ఒకే ఒక్క కేక పెడతాయట. దాన్ని పట్టాలి. దూరపు కేకకు ఒక గుర్తుంది: సన్నస్వరం ముందొస్తుంది, బొంగురు వెనకబడుతుంది, ఎంత దూరమైతే అంత ఆలస్యంగా. రెండూ కలిసొస్తే అది పక్కనున్న ఏ మోటారో.

ఆ మధ్యాహ్నం ఆయన బావమరిది, భార్యకున్న ఒక్కగానొక్క తమ్ముడు, టెలిస్కోపు పళ్లెం పైన వేలాడే ఇనప గదిలో బోల్టులు బిగిస్తున్నాడు. కింద కిటికీల్లేని గదిలో పాముచెవులాయన ఒక్కడే. వేడెక్కిన వైర్ల వాసన. ఫ్యాన్ల రొద.

కేక వచ్చింది. ఆయన కుర్చీలోంచి లేచి, మళ్లీ కూలబడ్డాకగానీ బొంగురు రాలేదు. కోట్లాది ఆమడల దూరం.

అంతలో పైనుంచి ఫోను. ఉన్నట్టుండి చలేస్తోందట, కాలిన వెంట్రుకల కంపట, లిఫ్టు పంపమన్నాడు బావమరిది. కొత్త పెళ్లికూతురిలా ఆ వణుకేంట్రా అని ఆయన వేళాకోళమాడాడు. లిఫ్టు మోటారు తిరిగితే దాని గోలలో ఆకాశం మునిగిపోతుంది. కాసేపు ఓర్చుకోమన్నాడు.

మళ్లీ కేక. ఏ కృష్ణబిలమూ రెండుసార్లు పేలదు. పైగా ఈసారి బొంగురు తొందరగా వచ్చింది.

మూడోది... ఇంకా తొందరగా.

దగ్గరికొస్తోంది.

ఫోన్లో గుసగుస.

"బావా... పంపు."

"ఏమైందిరా?"

"మెల్లగా. వింటోంది."

చెయ్యి లిఫ్టు మీట మీదికి వెళ్లింది. ఇంకొక్క కేక పడితే లోకమంతా తన పేరే... చెయ్యి ఆగింది.

నాలుగో కేకలో సన్నమూ బొంగురూ కలిసే వచ్చాయి. పక్కింటి గోల అనుకుని యంత్రం దాన్ని చెరిపేసింది. ఫోన్లో ఊపిరి చప్పుడు లేదు.

మీట లాగి, మండుటెండలో లిఫ్టు దగ్గరికి పరుగెత్తాడు. అది దిగేసరికి ఒక యుగం గడిచింది. తలుపు తెరుచుకుంది.

బావమరిదే. నిక్షేపంలా, చేతిలో పానాతో. పాముచెవులాయనకు ప్రాణం లేచొచ్చింది. వాణ్ని హత్తుకుని, మీ అక్క భోజనానికి కనిపెట్టుకుని ఉంటుంది, పదరా అన్నాడు.

వాడి పెదాలు కదిలాయి.

"బావా..."

దారప్పోగంత సన్నటి గొంతు. అంతే. బొంగురు లేదు.

పెదాలు మూతపడ్డాయి. జానెడు దూరంలో నిలబడి వాడు ఆయన్నే చూస్తున్నాడు. పాముచెవులాయన చెవులు రిక్కించాడు... ఎక్కడో, ఆమడలతో కొలవలేనంత దూరంలో, వాడి మిగతా గొంతు బయల్దేరింది.

ఇంకా వస్తూనే ఉంది.