అనుమానితుల గదిలో పులిహోర

కోనసీమ ఎయిర్‌పోర్టులో ఆ ఉదయం కాశీ విమానం ఎక్కాల్సినవాళ్ళందరూ టెర్రరిస్టులని తేలింది. ఒక్కరూ మిగల్లేదు. గేటు మీద పసుపు లైటు ఆరితే ఒట్టు. అనుమానితుల గది కిక్కిరిసిపోయింది, చంటిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. పక్కనే కంప్యూటర్ ముందు కూర్చున్న డాక్టర్ నడింపల్లి వాసంతికి కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. ఆ గేటు కనిపెట్టింది ఆవిడే మరి.

"వాసంతి గారూ, కాశీయాత్రకి బయల్దేరిన మామ్మలు కూడా బాంబులు మోస్తున్నారంటారా?" అన్నాడు భద్రతా కమిటీ చైర్మన్ ముక్తేశ్వరరావు. "సాయంత్రం ఢిల్లీ విమానానికి ఇంకో అవకాశం ఇస్తాను. అప్పుడూ ఇదే వరసైతే మీ గేటు పీకించేస్తాను. మళ్ళీ పాత పద్ధతే. బెల్టులు విప్పించడం, బూట్లు విప్పించడం, క్యూ."

క్యూ అన్న మాట వినగానే వాసంతికి గుండె కలుక్కుమంది.

ఆ క్యూ సంగతి కాస్త చెప్పుకోవాలి. ఒకప్పుడు విమానమెక్కడం బస్సెక్కినంత తేలిక. ఎవడో కత్తి చూపించి విమానాన్ని దారి మళ్ళించాడు, కత్తులు వద్దన్నారు. ఎవడో బూటులో మందుగుండు దాచాడు, లోకంలో ఉన్న బూట్లన్నీ విప్పించారు. ఇంకెవడో సీసాలతో కుట్ర పన్నాడు, మనం తాగే మంచినీళ్ళు పారబోయించారు. వాడు ఒక్కసారి చేసినదానికి మనం బతికినంతకాలం అనుభవించడమన్నమాట. అలా క్యూ పెరిగి పెరిగి రోడ్డు మీదికి వచ్చింది. చివరికి ఒక దుర్మార్గుడు విమానం జోలికే పోలేదు. తీరిగ్గా వచ్చి క్యూలోనే బాంబు పేల్చాడు. వాసంతి నాన్నగారు ఆ క్యూలో ఉన్నారు.

అప్పుడావిడ హాస్టల్లో చదువుకుంటోంది. ఆనాటి నుంచి ఆవిడకి ఒకటే పంతం. జనాన్ని గుంపుగా నిలబెట్టకుండా, నడుస్తున్న మనిషిని నడుస్తుండగానే తనిఖీ చెయ్యాలి. అసలు క్యూ అన్నదే లేకపోతే, క్యూలో పోయేవాళ్ళూ ఉండరు కదా.

ఆవిడ చేసిన గేటు చూడ్డానికి మామూలు ద్వారబంధంలాగే ఉంటుంది. లోపల రాడార్ సెన్సర్లుంటాయి. అవి మనిషిని ముట్టుకోకుండానే గుండె కొట్టుకోవడం, ఊపిరి, కండరాల్లో సన్నటి వణుకూ చదివేస్తాయి. గేటు రెండు ప్రశ్నలడుగుతుంది. మొదటిది ఊరికే, నిజం చెప్పేటప్పుడు ఈ మనిషి ఒళ్ళు ఎలా ఉంటుందో చూసుకోడానికి. కూరలు తూచేముందు ఖాళీ తక్కెడ సరిచూసుకుంటామే, అలాగ. రెండోది అసలు ప్రశ్న: "మీవల్ల ఎవరికైనా హాని ఉందా?" రెండు జవాబులకీ ఒళ్ళు ఒకేలా ఉంటే పచ్చలైటు. తేడా వస్తే పసుపు. మొదటి జవాబు దగ్గరే ఒళ్ళు బిగుసుకుపోతే ఇక తూకమే కుదరదు, అప్పుడూ పసుపే. ల్యాబ్‌లో వేలమంది మీద పరీక్షిస్తే ఎక్కడా పొల్లుపోలేదు. మరి ఇక్కడేం వచ్చిందో వాసంతికి అంతుపట్టలేదు.

ఆవిడ లేచి అనుమానితుల గదిలోకి వెళ్ళింది. కాపలా ఉన్న ఇన్‌స్పెక్టర్ గుబ్బల సత్యవేణి పక్కకి తప్పుకుంది. ముందు బెంచీ మీద మంగాయమ్మ అనే మామ్మగారు మొహం గంటు పెట్టుకుని కూర్చుంది.

"గేటు దగ్గర భయమేసిందాండీ, మామ్మగారూ?"

"భయమెందుకూ, ఒళ్ళు మండింది. శుభమా అని కాశీకి బయల్దేరితే, ఎదురుగా నిలబడి 'ఎక్కడికి వెళ్తున్నారు' అని అడుగుతుందా? మా కోడలైనా అనదమ్మా ఆ మాట. దూరమా అంటుంది."

గదిలో అందరూ నిజమేనన్నట్టు తలలూపారు. ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, మళ్ళీ బయల్దేరదామనుకున్నానని ఒకాయన చెప్పాడు.

వాసంతి నుదురు కొట్టుకుంది. ఈ పట్టింపు తనకి తెలియనిదేం కాదు, తన ఇంట్లోనూ ఉన్నదే. కానీ ల్యాబ్‌లో కుర్చీలో కూర్చున్నవాళ్ళని ఎక్కడికని అడిగితే ఎవరు చిరాకు పడతారు? వాళ్ళు ఎక్కడికీ బయల్దేరలేదాయె.

"దూరమా అని పెట్టేద్దామండీ మేడమ్," అంది సత్యవేణి.

"ఒకరికి కాకినాడే దూరం, ఒకరికి కెనడా కూడా పక్కిల్లే. అందులో నిజమేదో గేటుకి ఎలా తెలుస్తుంది?"

"పోనీ, పేరు?"

"పోలీసుల మధ్య నిలబెట్టి పేరడిగితే బిగుసుకోనిదెవరమ్మా?"

సత్యవేణి నవ్వేసింది. వాసంతికి మాత్రం క్యూలోంచి నాన్నగారు చేసిన ఆఖరి ఫోను గుర్తొచ్చింది. "క్యూ కదలట్లేదమ్మా. సరేగానీ, భోంచేశావా?" ఎక్కడున్నా ఆయన అడిగేది అదే. "ఆ, అయింది నాన్నగారూ," అంది. నిజానికి ఆ పూట మెస్ మూసేశారు. చెబితే ఆయన బెంగపెట్టుకుంటారని అలా అనేసింది.

ఆవిడ వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది.

సాయంత్రం గేటు ఢిల్లీ ప్రయాణికులని "భోంచేశారాండీ?" అని అడిగింది. అడగడమే తడవు మొహాలు విచ్చుకున్నాయి. బిగిసిన భుజాలు దిగాయి. "అయిందండీ", "ఇప్పుడే టిఫిన్ చేశానండీ" అంటూ జనం నడిచిపోతుంటే పచ్చలైటు వెంట పచ్చలైటు. వాసంతికి ప్రాణం లేచొచ్చింది.

అంతలో పసుపు. కాసేపాగి మళ్ళీ పసుపు.

"మళ్ళీ మొదలా?" అన్నాడు ముక్తేశ్వరరావు.

గదిలో కొద్దిమందే ఉన్నారు. ఇంటర్వ్యూ కంగారులో ముద్ద దిగని కుర్రాడు, డ్యూటీ దిగి ఇటే పరుగెత్తుకొచ్చిన నర్సు, అలాంటివాళ్ళు. పొద్దుట్నుంచీ ఎవరి కడుపులోనూ ఏమీ పడలేదు. అయినా అందరూ "అయిందండీ" అన్నవాళ్ళే.

"తినకుండానే తిన్నానని ఎందుకన్నావమ్మా?" అని నర్సుని అడిగింది వాసంతి.

"అడిగినవాళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకనండీ. అలవాటు."

వాసంతి గోడవైపు చూసింది. ఆ గోడ పొడుగునా స్టీలు బీరువాలున్నాయి. క్యూలో బాంబు పేలాక ప్రభుత్వం ప్రతి ఎయిర్‌పోర్టులోనూ వాటిని పెట్టించింది. దేశానికి ఆపద వచ్చి జనం చిక్కుకుపోతే పెట్టడానికి వాటిలో పులిహోర ప్యాకెట్లుంటాయి. మూత లాగితే వాటంతటవే వేడెక్కుతాయి. గడువు తీరగానే పాతవి తీసి కొత్తవి పెడతారు. ఇంతవరకూ ఒక్కటీ విప్పిన పాపాన పోలేదు.

"సత్యవేణీ, ఆ బీరువా తియ్యి."

"అమ్మో, జాతీయ ఆపద వస్తేనే తియ్యాలండి, మేడమ్."

"వీళ్ళు పొద్దుట్నుంచి తినలేదు. ఇది ఆపద కాదా?"

సత్యవేణి చైర్మన్ మొహం చూసింది. ఆయన కిటికీలోంచి విమానం చూస్తున్నట్టు అటు తిరిగాడు. బీరువా తెరుచుకుంది.

తిన్నవాళ్ళు మళ్ళీ గేటులోంచి నడిచారు. "భోంచేశారాండీ?" "కడుపు నిండా తిన్నానండీ." పచ్చ. అందరికీ పచ్చే. ముక్తేశ్వరరావు కూడా ఒక ప్యాకెట్ రుచి చూసి, "ఇంగువ కాస్త తగ్గింది," అని, గేటు మంజూరు చేశాడు.

ఆ తర్వాత దేశమంతా ఆ గేట్లే వచ్చాయి, ఎయిర్‌పోర్టుల్లో క్యూలు మాయమైపోయాయి. వాటికి టెర్రరిస్టు ఇంతవరకూ దొరకలేదు. వాళ్ళు రావడమే మానేశారేమో కూడా తెలియదు. ఆకలితో ఉన్నవాళ్ళు మాత్రం లెక్కలేనంతమంది దొరికారు.

క్యూని రూపుమాపినందుకు ప్రభుత్వం వాసంతికి పురస్కారం ప్రకటించింది. అది అందుకోడానికి ఆవిడ మళ్ళీ కోనసీమ నుంచే ఢిల్లీకి బయల్దేరింది.

"భోంచేశారాండీ?" అంది గేటు.

"ఆ, అయిందండీ," అంది వాసంతి, హడావిడిలో.

పసుపు లైటు వెలిగింది.

సత్యవేణి నవ్వు ఆపుకుంటూ ఎదురొచ్చింది. "రండి మేడమ్, అనుమానితుల గదికి."

తీరా వెళ్తే గది బయట బారెడు క్యూ. వాసంతి గతుక్కుమంది.

"ఇంతమంది తినలేదా?"

"శుభ్రంగా తిన్నవాళ్ళేనండీ. పులిహోర సంగతి ఊరంతా పాకిపోయింది. తిని కూడా తినలేదంటున్నారు. అదీ అబద్ధమే కదండీ, గేటు పట్టేస్తోంది. అనుమానితులమవుతామని ఎగబడుతున్నారు. సామాన్ల తనిఖీ ముందే అయిపోతోంది కాబట్టి నేనూ చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాను. మీరు ముందుకి రండి."

వాసంతి ఆ క్యూని చూసింది. ఎవరో చింతపండు పులిహోర బావుంటుందంటున్నారు, ఎవరో నిమ్మకాయదే నయమంటున్నారు. ఒకావిడ చంటివాణ్ణి పక్కావిడకి అందించి కొంగు సర్దుకుంటోంది. ఎవరి మొహంలోనూ భయమన్నది లేదు. ఇన్నేళ్ళలో క్యూని చూసి తన గుండె దడదడలాడకపోవడం ఇదే మొదలని ఆవిడకి తెలిసింది.

"వద్దులే, ఇక్కడే నిలబడతాను," అంది.

ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగాడు. "మీరూ అబద్ధమేనాండీ?"

"అబద్ధమేనండీ," అంది వాసంతి. "చిన్నప్పట్నుంచీ అలవాటు."

క్యూ కదిలింది.