మాస్టారి మూల

ఆ గుర్రాల స్కూల్లో ఎడం చేతి మూల మంచిది కాదని మొదటిరోజే చెప్పేస్తారు. మిగతా రూల్సన్నీ తర్వాతే.

చూడ్డానికి అక్కడేమీ ఉండదు. ఫ్లైఓవర్ పక్కన ఇసక పోసిన గ్రౌండు, చుట్టూ చెక్క కంచె, ఆ మూలలో కంచెకి ఆనించి ఒక సిమెంటు బెంచీ. దాని పైన లైటు... ఎన్ని బల్బులు మార్చినా నాలుగు రోజులకే పోతుంది. అక్కడికి రాగానే గుర్రాలు టక్కున ఆగిపోతాయి. కొట్టినా కదలవు. బెంచీ వైపు చెవులు నిక్కించి, అలా చూస్తూ నిలబడతాయి — అక్కడెవరో కూర్చున్నట్టు.

కూర్చున్నారనే అంటారు. పాత మాస్టారు. ఆ బెంచీ మీద నుంచే పాఠం చెప్పేవారట. ఒకరోజు సాయంత్రం అక్కడే, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారట.

ఇదంతా మా వదిన వల్ల నాకు తెలిసింది. వదినంటే మా ఆయన అక్కగారు. సగం ఆవిడ చెప్పగా విన్నాను. మిగతా సగం, ఆవిడ హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని గేటు దగ్గర దోమలు కుట్టించుకుంటూ నేనే చూశాను. ఒక్క ముక్క కూడా కలిపి చెప్పడం లేదు.

వదిన పళ్ళ డాక్టరు. నలభై దాటింది. చిన్నప్పుడు ఇదే గ్రౌండులో, ఆ మాస్టారి దగ్గరే స్వారీ నేర్చుకుందట. పదో తరగతిలో మార్కులు తగ్గాయని మా మావగారు ఒక్కరోజులో మాన్పించేశారు. మాస్టారికి ఒక మాట చెప్పి రావడానికి కూడా పంపలేదు.

"చెప్పాపెట్టకుండా మానేశానని ఎంత కోపం వచ్చి ఉంటుందో ఆయనకి" అని ఎన్నిసార్లు అందో లెక్కలేదు.

మరి ఇన్నాళ్ళూ ఊళ్ళోనే ఉన్నావుగా వదినా అంటే — చదువు, పెళ్ళి, క్లినిక్కు, పిల్లలు. తీరిక దొరికేసరికి మాస్టారు లేరు. ఆ తీరికతో పాటు నడుం నొప్పి కూడా వచ్చింది.

అబ్బబ్బ, ఆవిడ మళ్ళీ గుర్రమెక్కిన మొదటి నెల చూడాలి! బూటు జిప్పు పిక్క దాకా వచ్చి ఆగిపోయేది. దానితో కుస్తీ పట్టి, ట్రాఫిక్‌లో ఈది, చెమటలు కక్కుతూ వచ్చేసరికి ఆలస్యం. స్టూలు వేసుకుని ఎక్కితే, పక్కనుంచి మూరెడంత పిల్ల ఒకతి గుర్రాన్ని దౌడు తీయిస్తూ, "ఆంటీ, మడమలు కిందికి!" అని అరిచేది.

"తెలుసమ్మా!" అనేది వదిన, పళ్ళు పటపట కొరుకుతూ. పళ్ళు కొరక్కూడదని రోజంతా జనానికి చెప్పే మనిషి.

"బుర్రకి అన్నీ గుర్తున్నాయే. తొడలకే ఏమీ గుర్తులేదు" అని ఇంటికొచ్చి ఏడుపుమొహం పెట్టేది. నాకు నవ్వొచ్చేది గానీ, ఆవిడ మొహం చూసి మింగేసేదాన్ని.

అన్నిటికన్నా విసుగు తెప్పించింది ఆ మూల. వదినకిచ్చింది బూడిదరంగు ముసలి గుర్రం. మాస్టారి హయాంలోదే. మిగతా గ్రౌండంతా బుద్ధిగా నడిచి, అక్కడికి రాగానే పాతేసిన స్తంభంలా నిలబడిపోయేది. కొత్త కోచ్ గేటు దగ్గర నుంచి అరిచేవాడు. "పగ్గం లాగి పట్టండి మేడమ్! కాలితో పొడవండి!" వదిన లాగేది, పొడిచేది, తిట్టేది, బతిమాలేది. చివరికి గుర్రాలు చూసుకునే అతను పరిగెత్తుకుంటూ వచ్చి, బెంచీ వైపు చూడకుండా దాన్ని ఈడ్చుకెళ్ళాల్సి వచ్చేది.

ఆఖరికి కోచ్ తేల్చి చెప్పేశాడు. "శుక్రవారం ఒక్క రౌండు, ఎవరి సాయం లేకుండా తిరిగి రండి మేడమ్. లేదంటే మళ్ళీ తాడు కట్టి, చిన్నపిల్లల బ్యాచ్‌లో వేస్తాను."

శుక్రవారం కార్లో వదిన స్టీరింగు పిసికేస్తూ అంది — "తాడు కట్టించుకుని పిల్లల వెనకాల తిరగడం నా వల్ల కాదు. ఇవాళ కాకపోతే మానేస్తాను. ఈసారి నాన్న మీద తోసెయ్యడానికి కూడా లేదు."

మేం చేరేసరికి చీకటి పడింది. పిల్లలు వెళ్ళిపోయారు. మూల లైటు వెలగడం లేదు. వదిన గుర్రమెక్కి, వెనక్కి చూడకుండా బయల్దేరింది. కాసేపు తెల్లటి హెల్మెట్ కనబడింది... తర్వాత అదీ కనబడలేదు.

ఇక ఇది వదిన చెప్పింది.

గుర్రం ఆగింది. అక్కడే.

"పదరా... నీకు దణ్ణం పెడతాను... పద" అని గొణిగింది వదిన.

కదల్లేదు. రెండు చెవులూ బెంచీ వైపే. పైన ఫ్లైఓవర్ మీద బళ్ళ మోత ఉన్నట్టుండి ఆగినట్టనిపించిందట. మెడ వెనక చల్లగా... పగ్గాలు ఇంకా బిగించి పట్టుకుంది. బెంచీ వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. నల్లగా ఉంది. ఏమీ కనబడలేదు.

అప్పుడు — మోకాలి దగ్గర —

"హూఁ..."

పొడుగాటి నిట్టూర్పు. మనిషిదే. విసిగిపోయిన మనిషిది.

వదినకి కేక కూడా రాలేదు. ప్రాణాలు పైనే పోయాయనుకుంది. కానీ నెలరోజుల ఉక్రోషం కదా, భయాన్ని తోసుకుని అదే ముందు బయటపడింది.

"ఏం చెయ్యమంటారు నన్ను?" అని అరిచిందట, ఎవరి మీదో తెలీకుండానే. "నాకు చేతకావడం లేదు!"

చేతిలో పగ్గాలు గుర్రం మెడ మీదికి విసిరికొట్టి, రెండు చేతులతో మొహం కప్పుకుని భోరుమంది.

గుర్రం తల దించింది. ఇంకోసారి "హూఁ" అంది. దానంతటదే అడుగు వేసింది.

చీకట్లోంచి ఆ గుర్రం రావడం నేను చూశాను. వదిన చేతుల్లో ఏమీ లేదు. మొహమంతా తడి... పడీపడీ నవ్వుతోంది. నాకు గుండె ఆగిపోయింది, ఏదో పట్టిందనే అనుకున్నాను!

"ఓసి నా మతిమరుపా!" అంటూ దిగింది. "మాస్టారి పద్ధతే అది! ప్రతి రౌండులోనూ ఆ బెంచీ దగ్గర ఆగాలి. పగ్గాలు వదిలేసి దాని నోటికి తెరిపివ్వాలి. వదిలామా, చొక్కా జేబులోంచి క్యారెట్ ముక్క తీసి గుర్రానికి పెట్టేవారు. అప్పుడే ముందుకి. ఈ గుర్రాలన్నీ పాపం ఆ పద్ధతి ప్రకారం ఆగుతుంటే, మేమంతా ఇంకా గట్టిగా లాగుతున్నాం! రోజంతా జనం నోళ్ళలో చేతులు పెట్టేదాన్ని, దాని నోరు నొప్పెడుతుందని నాకు తోచలేదే!"

దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఇన్నేళ్ళూ స్కూలంతా హడలిపోయింది క్యారెట్ ముక్కకి! ఇంటిదాకా నవ్వుతూనే ఉన్నాను. కోచ్ కూడా ఒప్పుకున్నాడు, అక్కడ పగ్గాలు వదలమన్నాడు. క్యారెట్లకి మాత్రం ఒప్పుకోలేదు. చేత్తో తిండి పెడితే కరవడం మరుగుతాయని, తను వచ్చినప్పటి నుంచీ స్కూల్లోకి క్యారెట్ రానివ్వడం లేదు. పిల్లల బ్యాగులు కూడా వెతుకుతాడు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది.

ఆ తర్వాత ఒక ఎర్ర గుర్రం వచ్చింది. వేరే ఊరు నుంచి, ఆ పొద్దున్నే దిగింది. మాస్టారినీ చూళ్ళేదు, ఆ గ్రౌండునీ చూళ్ళేదు. సాయంత్రం దాని మీద మొదట ఎక్కింది వదిన.

మూల దగ్గర అది ఆగింది.

అలవాటుగా వదిన పగ్గాలు వదిలింది. ఎర్ర గుర్రం మెడ సాచి, ఖాళీ బెంచీ వైపు పెదాలు చాపింది... మెల్లగా, అరచేతిలోంచి తీసుకుంటున్నట్టు. దవడలు కదిలాయి. నమిలింది.

ఆ మాట వదిన కార్లో చెప్పింది. ఇంజన్ స్టార్ట్ చెయ్యలేదు.

"పగ్గం వదలగానే గుర్రాలు ఊరికే కూడా నములుతాయట వదినా, కోచే చెప్పాడు" అన్నాను.

"ఉత్తి నోటితో నమిలితే దవడ ఒకలా కదులుతుంది. నోట్లో ఏదైనా ఉంటే ఇంకోలా. నా పనే అది కదే" అంది. "అందుకే దిగి, దాని పెదవి ఎత్తి చూశాను."

వదిన అరచెయ్యి తెరిచింది. తడిగా, నారింజ రంగులో, గోరంత ముక్క.

"కోపం లేదే ఆయనకి" అంది.