క్వారీ మలుపులో పది నిమిషాలు

ఆ క్వారీ మలుపులో చీకటి పడ్డాక ఎవరూ బండి ఆపరు.

ఎప్పుడో మూతపడిన రాళ్ల క్వారీ అది. కుడి పక్క కొండ, ఎడమ పక్క గొయ్యి. రాయి విసిరితే, మనం ఆ సంగతి మర్చిపోయాక చప్పుడు వినపడుతుంది... అంత లోతు. చివరి పేలుడులో ఒక కూలీ రాళ్ల కింద ఉండిపోయాడనీ, అప్పటి నుంచి వచ్చే పోయే బండ్లను వెనక నుంచి పట్టుకుంటాడనీ చెప్పుకుంటారు. పట్టుకుని ఏం చేస్తాడు? తెలిసినవాళ్లు తిరిగొస్తే కదా చెప్పడానికి, అంటారు. అలాంటి మాటకి ఎదురు చెప్పడం కష్టం.

సరిగ్గా అక్కడే మా అన్నయ్య బండి ఆపాడు. ఆపి, ఇంజన్ కూడా కట్టేశాడు. ఎందుకంటే బండితో పాటు వచ్చిన పుస్తకంలో అలా రాసుంది.

ఇదంతా ఆ రోజు పక్క సీట్లో కూర్చున్న మా ఆయన చెప్పిందే. ఎవరికీ చెప్పనని అన్నయ్య దగ్గర ఒట్టు వేశాడట. ఆ ఒట్టు మా ఇంటి గుమ్మం దాకా ఆగింది.

అన్నయ్యది మందుల షాపు. తలనొప్పి మాత్ర వేసుకోవాలన్నా, డబ్బాలో మడతపెట్టిన కాగితం రెండు వైపులా చదివి గానీ వేసుకోడు. ఈలోగా తలనొప్పి తనంతట తానే తగ్గిపోతుంది. అలాంటి మనిషి కొండదారుల్లో తిరిగే బగ్గీ కొన్నాడు. చుట్టూ ఇనుప గొట్టాల పంజరం, నాలుగు లావుపాటి చక్రాలు, తలుపుల్లేవు. వారం రోజులు షెడ్డులో దాని చుట్టూ ప్రదక్షిణలు. చక్రాలు విప్పి గ్రీజు పట్టించాడు, టైర్లలో గాలి కొలిచాడు, కొలిచిన గాలి మళ్లీ కొలిచాడు.

అసలు కారణం మా వదిన. పెళ్లైన కొత్తలో అన్నయ్య ఆమెని స్కూటర్ ఎక్కించుకెళ్లి ఓ మలుపులో పడేశాడు. కుడి మణికట్టు విరిగింది. పదకొండేళ్లయింది, అన్నయ్య నడిపే ఏ బండీ వదిన మళ్లీ ఎక్కలేదు. ఆమె బస్సులో వెళ్తే, ఈయన ఆ బస్సు వెనకాలే ఖాళీ సీటుతో వెళ్తాడు. చూసేవాళ్లకి నవ్వొస్తుంది. నాకు మాత్రం అన్నయ్యని చూస్తే జాలేసేది.

ఈ బగ్గీకి బెల్టులున్నాయి, పంజరముంది, ఒక్కసారి ఎక్కి చూడు అని, కొనకముందు నుంచీ ఆర్నెల్లు బతిమాలాక వదిన మెత్తబడింది.

"ఆదివారం వస్తాను. భయమేసిందంటే మాత్రం జన్మలో మళ్లీ అడక్కండి."

పుస్తకం ప్రకారం కొత్త బండిని మొదటి పది గంటలూ బుజ్జగించాలి. యాక్సిలరేటర్ సగానికి మించి తొక్కకూడదు. ఇరవై నిమిషాలు నడిపి, పది నిమిషాలు చల్లార్చాలి. శనివారం సాయంత్రానికి ఆ పదింటిలో తొమ్మిది గంటలు పూర్తయ్యాయి. ఆ ఆఖరి గంట కోసం బావాబావమరుదులిద్దరూ కొండెక్కారు. క్వారీ మలుపు తిరుగుతుండగా అన్నయ్య ఫోన్‌లో ఇరవయ్యో నిమిషం గంట కొట్టింది.

"బావా, ఇక్కడొద్దు. ఇంకో వంద గజాలు పోనీ," అన్నాడు మా ఆయన.

"ఇరవై అంటే ఇరవయ్యే."

ఇంజన్ ఆగింది. లైట్లు ఆరాయి. కొండ, గొయ్యి, దారి — అన్నీ ఒకటే చీకటి.

టిక్... టిక్... టిక్...

"ఏంటది?"

"సైలెన్సర్ చల్లారుతోంది. ముప్ఫై రెండో పేజీ."

మా ఆయన ఊపిరి వదిలాడు. టిక్కులు నెమ్మదించాయి... ఆగిపోయాయి. అప్పుడు ఇంకో చప్పుడు మొదలైంది. అది ముప్ఫై రెండో పేజీలో లేదు.

గులకరాళ్ల మీద అడుగులు. ఒకటి... కాసేపాగి... ఇంకొకటి...

"బావా."

"వింటున్నాను."

"పోనీ మరి!"

"ఇంకా నాలుగు నిమిషాలున్నాయి," అన్నాడు అన్నయ్య. గొంతు మాత్రం అప్పటికే కొండ దిగిపోయింది.

వెనక చీకట్లోంచి గాలి పీల్చినట్టు ఓ మాట వచ్చింది. అది గొంతు కాదు... గొంతు లేని మాట.

"ఆగండి... చక్రం..."

మిగిలిన నాలుగు నిమిషాలూ రద్దయిపోయాయి. ఇంజన్ గర్జించింది, బగ్గీ కదిలింది.

"తొక్కు బావా!"

"తొక్కుతున్నా!"

"ఇంకా తొక్కు!"

"సగం అయిపోయింది!"

ఆ ఎత్తులో, ఆ రాళ్లలో, సగం అంటే మనిషి పరుగంత. మా ఆయన వెనక్కి చూశాడు. పసుపుపచ్చటి వెలుగొకటి ఊగుతూ వస్తోంది. దూరం పెరగట్లేదు... తగ్గుతోంది. సీటు వెనక నుంచి టంగ్... టంగ్... మని ఎవరో కొడుతున్న చప్పుడు. ఆ క్షణంలో నిన్నే తలుచుకున్నానని చెప్పాడు మా ఆయన. నమ్మినట్టే తలూపాను.

చల్లటి చెయ్యి ఒకటి ఆయన కాలర్ పట్టుకుంది. ఇంకో చెయ్యి ఆయన భుజం మీదుగా ముందుకు వచ్చి... తాళం తిప్పేసింది.

"చెవుల్లేవా బాబూ మీకు?"

చంకలో టార్చి, మెడకి మఫ్లర్, ఆయాసంతో ఎగిరిపడుతున్న ఛాతీ. ఓ ముసలాయన.

"మీరు... బతికే ఉన్నారా?" అన్నాడు అన్నయ్య.

"ఏదో, అంతంతమాత్రం."

క్వారీ వాచ్‌మన్ అట. రాతి దుమ్ము మింగీ మింగీ గొంతు పోయింది. ఆ కూలీ కథ పుట్టించింది కూడా ఆయనే. గొయ్యి ఉందని బోర్డు పెడితే ఎవడూ చదవలేదు, దెయ్యముందంటే అందరూ విన్నారు.

"మీరు మలుపు తిరుగుతుంటేనే ఈ టంగ్‌టంగ్ వినపడింది," అంటూ టార్చి ఎడమ వెనక చక్రం మీదకి తిప్పాడు. నాలుగు నట్లలో రెండు లేవు. మూడోది వేలితో తిప్పితే తిరిగింది. "ఇంకాస్త జోరుగా పోయుంటే ముందుగా ఈ చక్రం గోతిలో పడేది, దాని వెనకే మీరు."

"సగానికి మించి తొక్కలేదండీ," అన్నాడు అన్నయ్య, ఆ స్థితిలోనూ కొంచెం గర్వంగా.

"ఈ చక్రం ముందు సీట్లో ఎప్పుడూ ఈయనేనా కూర్చునేది?"

"రేపు... మా ఆవిడ," అని అన్నయ్య ఉన్నపళంగా దారిలోనే కూలబడ్డాడు. అక్కడే గురువారం సంగతి చెప్పాడు.

గురువారం చక్రాలు తిరిగి బిగిస్తూ అన్నయ్య, నీ సీటు వెనక చక్రం నువ్వే బిగించుకో, నమ్మకంగా ఉంటుంది అని వదినకి స్పానర్ ఇచ్చాడు. ఆమె బిగించింది. ఆఖర్న ప్రతి నట్టూ బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో ఒకసారి సరిచూడాలని కూడా ఆ పుస్తకంలోనే రాసుంది. మిగతా మూడు చక్రాలూ చూశాడు. ఆమె బిగించింది ఆమె ముందే మళ్లీ బిగిస్తే నొచ్చుకుంటుందని దాన్ని తర్వాతకి వదిలేశాడు. తర్వాత, పుస్తకం చదువుకుంటూ మర్చిపోయాడు.

వాచ్‌మన్ ఇంకో రెండు చక్రాల నుంచి చెరో నట్టు తీసి దీనికి బిగించాడు. నడకకన్నా నెమ్మదిగా కొండ దిగారు.

అన్నయ్య వాళ్లింట్లో వదినా నేనూ ఎదురుచూస్తున్నాం. గ్రీజు చేతులు చూసి ఏమైందని అడిగింది వదిన. పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడని అన్నయ్య ఆ రోజు ఆడాడు.

"క్వారీలో... దెయ్యం. ఎడమ వెనక చక్రం పట్టుకుని నట్లు లాగేసింది."

మా ఆయన గట్టిగా తలూపాడు. తెల్లారేసరికి వీధంతా ఆ కథే. రాత్రి అసలు సంగతి విన్న నేను, నోరు కుట్టేసుకుని కూర్చున్నాను.

ఆదివారం పొద్దున అన్నయ్య స్పేర్ పార్టుల షాపు తెరిపించి మరీ కొత్త నట్లు తెచ్చాడు. మేమిద్దరం కూడా వెళ్లాం. వదిన హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చి, తను బిగించిన చక్రం ముందు నిలబడింది.

"నాలుగు చక్రాలుండగా దెయ్యం నాదే ఎందుకు లాగిందండీ?"

వదిన కుడి చెయ్యి చాపి మణికట్టు తిప్పింది. సగంలోనే ఆగిపోయింది.

"ఇది ఇంతకన్నా తిరగదని మీకు తెలీదా? నా వెనకే వచ్చి మీరు ఇంకోసారి బిగిస్తారనుకున్నాను."

"నొచ్చుకుంటావేమోనని..." అన్నయ్య ఆమె మణికట్టు వైపు చూశాడు. "తప్పు నాది. అప్పుడూ నాదే, ఇప్పుడూ నాదే."

పదకొండేళ్లలో ఆ మాట అనడం అదే మొదటిసారని నాకప్పుడు తెలిసింది. వదిన రెంచ్ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన బిగిస్తుంటే పక్కనే కూర్చుని ఒక్కో నట్టూ చూసింది. తర్వాత లేచి, ఎక్కి సీట్లో కూర్చుంది.

బెల్టు పెట్టుకోబోతే ఆ చెయ్యి తిరగలేదు. అన్నయ్య వంగాడు, మళ్లీ ఆగాడు.

"పెట్టనా?" అని మెల్లగా అడిగాడు.

"అది కూడా అడగాలా?" అంది వదిన.