పొద్దున పూట సిగ్నల్

మూడోసారి ఆ అమ్మాయి షాపు మెట్లెక్కడం చూడగానే పొడుగబ్బాయి గబగబా అద్దంలో జుట్టు సర్దుకున్నాడు.

"ఒరేయ్, ఆవిడ వస్తున్నది పెళ్ళిచూపులకి కాదు, పోట్లాటకి" అన్నాడు కౌంటర్ వెనక కూర్చున్న మేనమామ.

"మీకు తెలీదులే మావయ్యా."

షాపు మావయ్యది. సిమ్‌లు, రౌటర్లు, జేబులో పట్టే వై-ఫై డబ్బాలు అమ్ముతాడు. మేనల్లుడిది మాత్రం ఒక వింత పద్ధతి. ఊరికే కౌంటర్ మీంచి సరుకు ఇచ్చెయ్యడు. మూడు కంపెనీల సిమ్‌లూ సంచీలో వేసుకుని కొనేవాళ్ళ ఇంటికి వెళ్తాడు. గదిగదికీ తిరిగి, ఏ సిగ్నల్ ఎక్కడ ఎంత అందుతుందో కొలుస్తాడు. ఆ తర్వాతే ఏది కొనాలో చెబుతాడు. గుమ్మాలన్నిటికీ తల వంచి వెళ్ళాల్సిన మనిషి కాబట్టి అందరికీ పొడుగబ్బాయే.

ఈ అమ్మాయి ఉండేది మేడమీది గదిలో. కేబుల్ కోసం గోడకి కన్నం పెడతానంటే ఇంటి ఓనరు ససేమిరా అన్నాడు. ఇక వైరు లేని ఇంటర్నెట్టే గతి. పొడుగబ్బాయి సాయంత్రం వెళ్ళి కొలిచాడు. మూడింట్లో ఒకటి రయ్యిమంది. దానికి సరిపడే డబ్బా ఇచ్చాడు. మర్నాడే కంప్లెయింట్, పనిచెయ్యట్లేదని. సాయంత్రం వెళ్ళి చూస్తే శుభ్రంగా పనిచేస్తోంది. రెండోసారీ అదే తంతు.

అక్కడ ఇంకో తమాషా ఉంది. ఆమె తల్లికి వినపడదు, మాట రాదు. చేతులతోనే మాట్లాడుతుంది. అతన్ని చూడగానే కళ్ళెగరేసి ఏదో సైగ చేస్తుంది.

"ఏమంటున్నారండీ?"

"మంచినీళ్ళు తాగుతారా అంటోంది" అనేది కూతురు, మొహం గోడవైపు తిప్పుకుని.

కాదంటే బాగుండదని తాగేవాడు. గ్లాసు దించగానే మళ్ళీ సైగ, మళ్ళీ నీళ్ళు. ఇంటికి వెళ్ళేసరికి పొట్ట కుండలా ఊగేది.

బాగున్న సిగ్నల్‌ని బాగాలేదనే అమ్మాయి. విడవకుండా నీళ్ళు పోయించే తల్లి. ఇంకేం కావాలి? పొడుగబ్బాయి తనకి అనుకూలంగా లెక్క తేల్చేసుకున్నాడు.

ఆమె డబ్బా తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. "ఇది తీసుకుని వేరే కంపెనీది ఇవ్వండి."

"మీ ఇంటికి ఇదే బెస్ట్ మేడమ్. నేను కొలిచానుగా."

"మీరు కొలిచినప్పుడు బాగానే ఉంటుంది. పొద్దున్నే నేను పెట్టుకుంటే బొమ్మ బిగుసుకుపోతుంది."

"అంటే, నేనుంటేనే సిగ్నల్ ఉంటుందన్నమాట!"

"జోకులొద్దండీ."

అతను కౌంటర్ మీదకి వంగి గొంతు తగ్గించాడు. "మేడమ్, నన్ను చూడాలనిపిస్తే ఊరికే రమ్మనండి, వచ్చేస్తాను. పాపం ఆ డబ్బాని ఎందుకు ఆడిపోసుకుంటారు?"

మావయ్య కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏమన్నారు?" ఆమె గొంతు చల్లగా ఉంది. "నేనేం పని చేస్తానో ఎప్పుడైనా అడిగారా?"

అడగలేదు. ఆమె ఏ రంగు వేసుకుంటే బాగుంటుందో తెలుసు గానీ, ఆ సంగతి తెలీదు.

"వినపడనివాళ్ళు డాక్టర్ దగ్గరికి వెళ్తే వాళ్ళ సైగలు డాక్టర్‌కి, డాక్టర్ మాటలు వాళ్ళకి వీడియోలో నేను చెప్పాలి. మాటయితే సగం తెగినా ఊహించుకోవచ్చు. చెయ్యి సగంలో ఆగిపోతే? మాత్ర వేసుకోమన్నారో, మానెయ్యమన్నారో ఎవరికి తెలుస్తుంది? ఆ ఉద్యోగం ఇచ్చే ఆఫీసువాళ్ళు పెట్టిన ట్రయల్స్ రెండూ మీ డబ్బా పుణ్యమాని పాడయ్యాయి. రేపు పొద్దున ఆఖరిది. అదీ పోతే ఉద్యోగం ఇంకొకళ్ళకి ఇస్తారు. అమ్మా నేనూ దానిమీదే ఆశపెట్టుకుని కూర్చున్నాం." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటినీ కోపంగానే తుడుచుకుంది. "మీకేమో సరసాలు!"

డబ్బా విసురుగా లాక్కుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మావయ్య, "జుట్టు బాగానే సర్దుకున్నావురా. బుర్ర మర్చిపోయావు" అన్నాడు.

పొడుగబ్బాయికి ఆ పూట ఏ పనీ సాగలేదు. ఆమె మాటల్లో ఒకటి ముల్లులా గుచ్చుకుంది. పొద్దున్నే పనిచెయ్యదట. తను ఎన్నిసార్లు కొలిచినా సాయంత్రమే కొలిచాడు. పొద్దున ఒక్కసారి కూడా వెళ్ళలేదు!

మర్నాడు పాలవాడికంటే ముందు మేడ మెట్లెక్కాడు. గుమ్మం ఊడుస్తున్న తల్లి అతన్ని చూసి నవ్వింది. వెనకే కూతురు. నవ్వలేదు.

"మిమ్మల్నెవరు పిలిచారు?"

"ఎవరూ పిలవలేదండీ. నిన్న వాగింది తప్పు. తిట్లు తర్వాత తింటాను, ముందు కొలవనివ్వండి."

కొలిచాడు. అదే కిటికీ, అదే డబ్బా. సిగ్నల్ మాత్రం చచ్చుబడి ఉంది.

"చూశారా?"

"చూశాను. మీరన్నదే నిజం."

ఇలా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదేమో, తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుంది.

కిటికీలోంచి చూస్తే దూరంగా టవరు. మధ్యలో, కిటికీకి ఎదురుగా, మేడమీది నల్లటి ప్లాస్టిక్ నీళ్ళట్యాంకు. అది సాయంత్రం కూడా అక్కడే ఉందిగా? అతను బయటికి వెళ్ళి బుర్ర గోక్కుంటుండగా ట్యాంకు పొంగి కాళ్ళమీద నీళ్ళు పడ్డాయి. కింద ఎవరో మోటారు ఆపారు.

ట్యాంకుమీద అరచెయ్యి ఆనించాడు. కిందనుంచి పైదాకా చల్లగా ఉంది.

"మేడమ్! నీళ్ళు! సాయంత్రానికి అందరూ వాడేసి ట్యాంకు ఖాళీ చేస్తారు, సిగ్నల్ లోంచి దూరి వచ్చేస్తుంది. పొద్దున్నే నిండా నింపుతారు. అన్ని నీళ్ళు దాటి రాలేక చచ్చిపోతోంది."

"అయితే ఖాళీ చేసేద్దామా?"

"కిందివాళ్ళ స్నానాలు ఇంకా కాలేదు. చేస్తే నన్ను ఖాళీ చేస్తారు."

డబ్బా పట్టుకుని ట్యాంకు చుట్టూ తిరిగాడు. పక్కకి వచ్చి స్టూలెక్కి చెయ్యి పైకెత్తితే సిగ్నల్ ఒక్కసారిగా లేచింది. అటు టవరు కనిపిస్తోంది, ఇటు ఆమె కిటికీ. కానీ తగిలించడానికి అక్కడ మేకు లేదు, గోడ లేదు.

"మీరు వెళ్ళి కూర్చోండి. ఇక్కడే పట్టుకుంటాను."

"చాలాసేపు పడుతుందండీ!"

"రెండు చేతులున్నాయి కదా. వెళ్ళండి, టైమైపోతోంది."

కాసేపటికి కిటికీలోంచి ఆమె గొంతు వినపడింది. "డాక్టరుగారూ, నాకు రెండ్రోజులుగా గుండెల్లో ఒకటే మంట. నిద్ర పట్టడం లేదు."

పొడుగబ్బాయి స్టూలుమీంచి పడబోయి తమాయించుకున్నాడు. రెండ్రోజులుగానా? నిన్న తను అన్న మాట ఏ జబ్బుమీద పడిందో! పక్కనే నిలబడ్డ తల్లివైపు తిరిగి గుండె చూపించి, చెయ్యి తిప్పి, ఏమైందని అడిగాడు. ఆవిడ నోటిమీద వేలుంచి కదలొద్దంది.

ఇంతలో సన్నగా వాన. ఆవిడ లోపలికి పరుగెత్తి గొడుగు తెచ్చింది. హమ్మయ్య అనుకున్నాడు. ఆవిడ ట్యాంకు గట్టెక్కి గొడుగుని జాగ్రత్తగా డబ్బామీద పట్టింది. గొడుగు అంచునించి కారే నీళ్ళన్నీ అతని మెడలోకి.

అలా పట్టుకునే రెండో చేత్తో ఆ పాత సైగే చేసింది. మంచినీళ్ళు కాబోలు. తడిసిన చొక్కా చూపించి, ఇవి చాలన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆవిడ నుదురు కొట్టుకుంది. అతన్ని చూపించింది, తన కళ్ళు చూపించింది, కిటికీలోని కూతుర్ని చూపించింది.

ఆ ముక్క అర్థంకావడానికి చదువక్కర్లేదు. వానలో కూడా అతని చెవులు వేడెక్కాయి.

చేతులు మార్చి మార్చి రెండూ మొద్దుబారాక ఆమె పరుగెత్తుకుంటూ బయటికొచ్చింది. "ఒక్కసారి కూడా ఆగలేదు! సోమవారం నుంచి చేరమన్నారు!"

అతను స్టూలు దిగాడు. "ముందు ఆ గుండెల్లో మంట సంగతి చెప్పండి. ఎక్కడ చూపిద్దాం?"

ఆమె పగలబడి నవ్వింది. "నాక్కాదండీ బాబూ, పేషెంటుకి! వాళ్ళు ఏమంటే అది 'నేను' అనే చెప్పాలి. కలపకూడదు, తీసెయ్యకూడదు. అదే మా రూలు."

"మీకు బయట యాంటెన్నా తగిలించుకునే రౌటర్ పెడతాను మేడమ్. దీన్ని వెనక్కి తీసుకుంటాం. ఈ పక్కన ఒక గొట్టం పాతితే సరి."

"మళ్ళీ మళ్ళీ వచ్చి కొలవాలా?"

"ఈసారి పిలిస్తేనే వస్తానండీ."

ఆమె ఏదో అనబోయింది. తల్లి గొడుగు మూసి, కూతురి భుజం పట్టి అతనివైపు తిప్పి, గబగబా చేతులాడించింది.

"ఏమంటున్నారు?"

ఆమె మొహం కందగడ్డయింది. "ఉద్యోగం వచ్చిందిగా, ఇక ఉన్నది ఉన్నట్టు చెప్పమంటోంది. లేకపోతే ఆఫీసుకి కంప్లెయింట్ చేస్తుందిట."

"చెప్పండి మరి."

ఆమె నిటారుగా నిలబడి, ఎదుటి మేడవైపు చూస్తూ మొదలుపెట్టింది. "బాబూ, నేను మొదటిరోజే కనిపెట్టాను. నువ్వు మీటరుకంటే నా కూతుర్నే ఎక్కువ చూశావు."

"ఇది మీరంటున్నారా, ఆవిడా?"

"ఇంటర్‌ప్రెటర్‌తో మాట్లాడకూడదండీ. అమ్మని చూసి మాట్లాడండి."

అతను తల్లిని చూశాడు. "అవునండీ. చూశాను."

"నా కూతురూ తక్కువదేం కాదు. నిన్న మీ షాపునుంచి వచ్చి సాయంత్రందాకా నిన్ను తిట్టింది. మధ్యలో, ఆ నీలం చొక్కా నీకు బాగుంటుందంది. చొక్కా సంగతి నేనడగలేదు." ఆమె చటుక్కున ఆగి, "అమ్మా!" అంది.

తల్లి కానియ్యమన్నట్టు చెయ్యి ఊపింది.

"నువ్వంటే దానికి ఇష్టం. అది చెప్పదు, అందుకని నేను చెప్తున్నాను. నీ సంగతేమిటి?"

పొడుగబ్బాయి కూతుర్ని చూడబోయి, మళ్ళీ తల్లివైపు తిరిగాడు. "నాకూ చాలా ఇష్టమండీ. మా మావయ్యని తీసుకొచ్చి మాట్లాడిస్తాను. కానీ ఇదే మాట మీ అమ్మాయి తన తరఫున అంటే వినాలనుంది."

ఆమె చేతులు అతని మాటల్ని తల్లికి చెబుతూ చెబుతూ సగంలో ఆగిపోయాయి. వాటిని వెనక్కి దాచుకుని, అతనికి మాత్రం వినపడేలా అంది.

"ఇష్టమే."

తల్లి అతని భుజం పొడిచింది. ఏమంది? ఏమంది?

ఇప్పుడు చెప్పాల్సింది అతనే. ఒక్క సైగ కూడా రాదు. మొద్దుబారిన చేతులు ఎలాగో లేపి ఆమెని చూపించాడు, తనని చూపించుకున్నాడు, ఆపైన ఏం చెయ్యాలో తోచక తడిబట్టల్లో నిలబడి చిన్నపిల్లాడిలా ఇకిలించాడు.

తల్లి వాళ్ళిద్దరి తలలమీదా చేతులు పెట్టింది, అతని కోసం మునివేళ్ళమీద లేచి. తర్వాత అతన్ని చూస్తూ ఏదో సైగ చేసింది.

"ఇప్పుడేమంటున్నారు?"

"అల్లుడి ఉచ్చారణ ఘోరంగా ఉందంటోంది" అంది ఆమె. ఈసారి మొహం తిప్పుకోలేదు.