దీర్ఘం తెగిన మాట

"నిలబడొద్దు సామీ! వచ్చేస్తా ఉండారు!"

మునెయ్య ముందు. ఇంద్రసేన వెనక.

కాళ్ళ కింద కుశస్థలి ఏటి ఇసుక. 1957 జూన్ నెల, ఏట్లో చుక్క నీళ్ళు లేవు. అడుగు వేస్తే చాలు, ఇసుక మడమ దాకా లాగేస్తోంది.

చీకటి పడి ఎంతోసేపు కాలేదు.

మునెయ్య నెత్తిన గోనెసంచి కప్పిన ఇనప పెట్టె. ఓట్ల పెట్టె!

వెనక బ్యాటరీ లైట్లు ఊగుతున్నాయి.

"తిరుడన్! తిరుడన్!"

దొంగ, దొంగ అని అరుస్తున్నారు. అదీ అరవంలో! తిరుత్తణి పక్క తెలుగు పల్లెలో పుట్టి, బూతులు కూడా తెలుగులోనే తిట్టుకునే మనుషులు ఇప్పుడు అరవం ఎందుకు అందుకున్నారు?

ఇంద్రసేనకు ఠక్కున వెలిగింది. తిరుత్తణి ఇంకా ఆంధ్రలోనే ఉంది, ఏరు దాటితే మద్రాసు రాష్ట్రం. తిరువళ్ళూరు రోడ్డు మీద బియ్యం చెక్‌పోస్టు. అక్కడ తుపాకీ పట్టుకున్న పోలీసు ఉంటాడు. ఈ అరుపులు వాడి చెవిన పడాలనే!

దొంగే 'దొంగా దొంగా' అని అరవడమంటే ఇదే మరి.

అరిపిస్తున్నది ఆదికేశవులు. ఊళ్ళో సగం పొలం ఆయనది. మొన్న గెలిచిన పంచాయతీ ప్రెసిడెంటు. ఇంద్రసేనకు సొంత మేనమామ!

మునెయ్య తూలాడు... మోకాళ్ళ మీద పడ్డాడు. పెట్టె మాత్రం వదల్లేదు.

ఇంద్రసేన అతని భుజం పట్టుకున్నాడు. చెయ్యి చురుక్కుమంది. ఒళ్ళు పెనంలా ఉంది!

"జొరమా మునెయ్యా?"

"జొరం యాడిది సామీ? వట్టి పుకారని మీ పేపర్లోనే వచ్చింది గదా!"

ఆ వార్త రాసింది ఇంద్రసేనే.

ఆ వేసవిలో లోకమంతా తిరుగుతున్న ఫ్లూ జ్వరం మద్రాసు రేవులో ఓడ దిగింది. రైలెక్కింది. ఆవడి దాటి తిరువళ్ళూరు, తిరుత్తణి చేరింది. ఇంటికొకరు మంచం పట్టారు. ఎలక్షన్ వాయిదా వెయ్యండి మహాప్రభో అని జనం మొత్తుకున్నారు.

వాయిదా పడితే ఆదికేశవులు చేసుకున్న ఏర్పాట్లన్నీ గంగలో కలుస్తాయి. "జొరం గిరం యేమీ లేదని రాయి అల్లుడా" అన్నాడు.

తిరుత్తణిలో ఉన్న ఒక్క తెలుగు వారపత్రికకు రాసేదీ, దిద్దేదీ ఇంద్రసేనే. పక్క వీధికి పోయి ఒక్క తలుపు తట్టి చూశాడా? చూడలేదు. మామ చెప్పాడు, అల్లుడు రాశాడు. 'జ్వరం వట్టి పుకారు!' లావు అక్షరాలతో.

టీ కొట్టులో ఎవరో పైకి చదివారు. మునెయ్య విన్నాడు. మునెయ్య ఊరి తలారి. చదువు లేదు గానీ, అచ్చులో పడ్డ మాట అబద్ధం కాదని నమ్మిన పిచ్చి మారాజు. ఒళ్ళు కాలుతున్న పెళ్ళాం చెంగమ్మను లేపి, ఎండలో ఓట్ల వరసలో నిలబెట్టాడు. ఆమె ఓటు వేసింది. వారం తిరక్కుండా పోయింది.

"లెయ్ మునెయ్యా... దగ్గరికొచ్చేసినాము!"

లేచాడు. మళ్ళీ పరుగు!

ఆ ఎలక్షన్లో అభ్యర్థికొక పెట్టె. ఎవరి గుర్తున్న పెట్టెలో చీటీ వేస్తే వాళ్ళకు ఓటు. ఎదుటి అభ్యర్థి జగన్నాథన్ అయ్యవారిది దీపం గుర్తు. లెక్కపెట్టే రోజు దీపం పెట్టె తెరిస్తే అడుగున నాలుగు చీటీలు! ఊరు భగ్గుమంది. అసలు పెట్టెను రాత్రికి రాత్రే మార్చేశారని అందరికీ తెలుసు. రుజువు లేదు. పత్రికాఫీసు తలుపుకు పేడ కొట్టి పోయారు. తుడవడానికి కూడా ఇంద్రసేనకు మొహం చెల్లలేదు.

ఆ అసలు పెట్టెను బావిలో పడెయ్యమని ఆదికేశవులు మునెయ్యకే అప్పగించాడు.

మునెయ్య పడెయ్యలేదు. గడ్డివామిలో దాచాడు. ఈ సాయంత్రం తెచ్చి ఇంద్రసేన ముందు పెట్టాడు. తిరుత్తణి ఠాణా మామ గుప్పిట్లో ఉంది. తిరువళ్ళూరు చేరితే రైలు, రైలెక్కితే మద్రాసు, అక్కడ పెద్ద పత్రికలు... అని ఇద్దరూ బయల్దేరారు. మామకు ఎవరో ఉప్పందించారు.

"నా దగ్గరికే ఎందుకొచ్చినావు మునెయ్యా?" పరుగులోనే అడిగాడు.

"మీరు చెడగొట్టినారు. మీరే బాగు చెయ్యాల గదా సామీ!"

"ఆ పొద్దే బాయిలో యేసుంటే నీకీ తిప్పలుండేవి కావు."

"దీంట్లో మా ఆడిదాని ఓటు ఉండాది. జొరంతో పోయి యేసింది. దాన్ని బాయిలో యెట్ల యేసేది?"

ఇంద్రసేనకు ఇసుకలో కూరుకుపోవాలనిపించింది.

గట్టు! రోడ్డు! అడ్డంగా వెదురు బొంగు... లాంతరు...

చెక్‌పోస్టు!

తుపాకీతో కానిస్టేబుల్ తంగరాజు. నడివయసువాడు. తిరునెల్వేలి నుంచి మొన్ననే బదిలీ అయి వచ్చాడు. తెలుగు ముక్క రాదు.

వెనక అరుపులు దగ్గరయ్యాయి. "తిరుడన్! విడాదే! పుడి!" వదలొద్దు, పట్టుకో అని!

"నిల్లు!" తంగరాజు తుపాకీ ఎత్తాడు.

మునెయ్య ఆగాడు. ఇంద్రసేన ఇంకా గట్టు కిందే ఉన్నాడు.

మునెయ్య పెట్టె దించాడు. చూపిద్దామని గోనెసంచిలోకి చెయ్యి పెట్టాడు.

తుపాకీ గొట్టం అటు తిరిగింది!

చూడు, అది ఓట్ల పెట్టె, చూడు! అదే చెప్పాలి. ఇంద్రసేనకు అరవం మంచినీళ్ళప్రాయం. పత్రికలో రాసేటప్పుడు 'చూడండి' తప్ప రాయడు. కానీ ప్రాణం మీదికొచ్చేసరికి రెండూ ఎగిరిపోయాయి. ఇంట్లో మాట వచ్చింది. సూడు! అదీ రొప్పులో... ఊపిరి అందక దీర్ఘం తెగింది.

"సుడు!"

ఢాం!

మునెయ్య పెట్టె మీదికి ఒరిగిపోయాడు.

అరవంలో ఆ మాటకు అర్థం ఒక్కటే. కాల్చు!

ఇంద్రసేన గట్టెక్కాడు... పడ్డాడు... పాక్కుంటూ పోయాడు. మునెయ్య తల ఒళ్ళోకి తీసుకున్నాడు. మునెయ్యకూ అరవం వచ్చు. ఆ కళ్ళల్లో నొప్పి కన్నా ఆశ్చర్యం ఎక్కువగా ఉంది.

"మీరే... సుడమన్నారా... సామీ?"

"కాదు! సూడు అన్నాను మునెయ్యా! సూడు... సూడమన్నాను!"

వినడానికి మునెయ్య లేడు.

తంగరాజు తుపాకీ దించి ఇంద్రసేన వైపు తిరిగాడు. "నీంగదానే సొన్నీంగ... సుడున్ను!" మీరే కదా చెప్పారు అంటున్నాడు. నిజమే. చెప్పింది తనే!

బ్యాటరీ వెలుగు మొహం మీద పడింది. ఆదికేశవులు! ఒక్క క్షణంలో సంగతి గ్రహించేశాడు.

"మంచి పని జేసినావు అల్లుడా!" అన్నాడు పైకి. వంగి, చెవిలో గొంతు తగ్గించాడు. "నిజం రాసుకుంటావా? రాసుకో. నీ పేపరు నమ్మేవోడు యాడుండాడు?"

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే ఇంద్రసేన తల వాలిపోయింది. నమ్మిన వాడు ఒకడుండేవాడు. ఇప్పుడు తన ఒళ్ళో పడున్నాడు.

ఆదికేశవులు అరవంలోకి దిగాడు. దొంగ చచ్చాడు సార్, ఆ పెట్టె మా ఊరి ఆస్తి, మేం తీసుకుపోతాం అన్నాడు.

ఇంద్రసేన మునెయ్య తలను మెల్లగా నేల మీదికి దించాడు. పెట్టె మీద బోర్లా పడుకున్నాడు. తంగరాజు వైపు చూశాడు. ఈసారి ఊపిరి సరిగ్గా అందింది. అరవం సరిగ్గా వచ్చింది. ఇది ఓట్ల పెట్టె, దొంగ ఆయనే అన్నాడు.

"పెట్టె ఆయనకిచ్చేటట్టయితే... ఎన్నై సుడు!"

నన్ను కాల్చు!

ఆదికేశవులు నవ్వాడు. "అవనుక్కు కాయ్చల్ సార్. పినాత్తరాన్."

జ్వరంతో వాగుతున్నాడట! మామ నోట జ్వరం అన్న మాట రావడం ఇదే మొదలు.

ఆయన పెట్టె మీద చెయ్యి వేశాడు. అల్లుణ్ణి ఈడ్చి పారేశాడు.

ఢాం!

ఆదికేశవులు కాళ్ళ ముందు మట్టి ఎగిరింది! బ్యాటరీ లైటు జారి దొర్లింది. వెనకున్న మనుషులు పరుగో పరుగు!

"పెట్టి మేలే కై వెక్కాదే!" పెట్టె మీద చెయ్యి వెయ్యొద్దని తంగరాజు అరిచాడు. తుపాకీ ఇప్పుడు నేరుగా ఆదికేశవులు గుండెకు గురిపెట్టి ఉంది. పెట్టె తిరువళ్ళూరు స్టేషనుకు పోతుంది, నువ్వూ పోతావు, నేనూ పోతాను అన్నాడు. అంటూనే కింద పడున్న మనిషిని చూసి ఏడ్చేశాడు.

కళ్ళు తుడుచుకుని పెట్టె వైపు చూశాడు.

"ఉళ్ళే ఎన్న?" లోపల ఏముంది?

ఇంద్రసేన తల ఎత్తలేదు.

"చెంగమ్మ ఓటు."