ట్యాంకులో విషం

"నీ భార్యను ఆపాలి," అన్నాడు చీఫ్. "అవసరమైతే కాల్చి."

ఏజెంట్ పిడుగు కుర్చీలోంచి లేచాడు.

"మన గూఢచారిగానే విదేశీ ముఠాలో చేరింది. ఇప్పుడు వాళ్ల మనిషైపోయింది. పొద్దున కోడ్‌లో మెసేజ్ పంపింది, మన కుర్రాళ్లు విప్పారు: 'విషం రెడీ. మధ్యాహ్నం ట్యాంకులో వేస్తున్నా.' ఊరంతా తాగే నీళ్లయ్యా!"

"మన వైర్‌లెస్‌కే ఎందుకు పంపింది సార్?"

"పొగరు."

ఆమెకు పొగరుందని కాపురం చేసినన్నాళ్లూ పిడుగుకు తోచలేదు. అయినా చీఫ్ మాట కాదనే అలవాటు అతనికి లేదు.

మీటర్ రీడర్ వేషంలో, పెట్టుడు మీసంతో నీటి సరఫరా కేంద్రంలోకి దూరాడు. మూతపడిన పాత షెడ్డులో ఆమె కనిపించింది. ఎర్ర చీర, నల్ల కళ్లద్దాలు, చేతిలో లిప్‌స్టిక్. ఇనుప నిచ్చెనెక్కి ట్యాంకు మూత తీస్తోంది.

"ఆగు!"

ఆమె తిరిగి చూసి నవ్వింది. "మీసం వంకరగా ఉందండీ." లిప్‌స్టిక్ అడుగు తిప్పి, ట్యాంకు మీదికి చెయ్యి చాచింది.

పిడుగు కాల్చాడు. అతని గురి ఎప్పుడూ తప్పదు. దిక్కుమాలిన గురి!

నేల మీద పడ్డ ఆమె, పరుగెత్తుకొచ్చిన అతని చేతిలో ఆ లిప్‌స్టిక్ గొట్టం పెట్టింది.

"అది నీళ్ల ట్యాంకు కాదండీ. పేలుడు మందు. మామూలుగా అయితే రియాక్షన్ మెల్లగా సాగుతుంది, మధ్యలో శక్తి అనే పెద్ద గట్టు దాటాలి కాబట్టి. ముఠావాళ్లు రియాక్షన్‌ను తొందరపెట్టే కేటలిస్ట్ వేసి గట్టు తగ్గించేశారు. వేడెక్కే కొద్దీ ఇంకా జోరు. ఈ విషం మనుషులకు కాదు, కేటలిస్ట్‌కి; దాన్ని పనిచెయ్యనివ్వదు. త్వరగా!"

ట్యాంకుకున్న వేడి మీటరు ముల్లు ఎర్రగీతను తాకుతోంది. పిడుగు నిచ్చెనెక్కి గొట్టం మొత్తం ఒంపేశాడు. ముల్లు వణికింది. ఆగింది. వెనక్కి మళ్లింది.

"దిగిందా?"

"దిగింది. నన్ను... నన్నేం చెయ్యమంటావే?" అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"గట్టు కొసన ఎవరూ నిలబడలేరండీ. అటో ఇటో పడాల్సిందే. నేను మీ వైపే పడ్డాను." ఆ మాటతో ఆమె ఊపిరి ఆగింది.

వైర్‌లెస్ మోగింది. "శభాష్ పిడుగూ! ముఠా అంతా గేటు దగ్గరే దొరికింది. నీకూ, ఆ మెసేజ్ విప్పిన కుర్రాళ్లకూ మెడల్స్!"

పిడుగు ఆమె కళ్లద్దాలు తీసి కళ్లు మూశాడు.

"మెడల్స్ వద్దు సార్. వాళ్లకు కాస్త కెమిస్ట్రీ చెప్పించండి. చెప్పగలిగిన మనిషిని ఇప్పుడే నేను కాల్చేశాను, ఇంకెవరినైనా వెతుక్కోవాలి."